మొదటి ఇంటరాక్టివ్ త్రీడీ మోడల్: సాఫ్ట్‌వేర్ కంటే ముందు ప్రశ్న తేల్చుకోండి

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: సైన్స్ పాఠాలు చెబుతారు, త్రీడీలో అనుభవం లేదు, కోడింగ్ రాదు. విద్యార్థులు వేలితో తిప్పి చూసుకునే, నొక్కితే వివరం చెప్పే మోడళ్ళు సొంతంగా తయారు చేయాలని ఉంది. ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలి, ఎంత ప్రోగ్రామింగ్ కావాలి, మామూలు ల్యాప్‌టాప్ సరిపోతుందా అన్నవి మీ సందేహాలు.

ముందు సూటిగా జవాబు చెప్పేస్తాను. బ్లెండర్ అనే త్రీడీ సాఫ్ట్‌వేర్ నేర్చుకోండి, అందులో మీకు కావలసినంత మేరకే. తయారైన మోడల్‌ని జీఎల్‌బీ ఫైల్‌గా ఎక్స్‌పోర్ట్ చేయండి. బ్రౌజర్‌లో చూపించడానికి మోడల్-వ్యూయర్ అనే ఉచిత పరికరం వాడండి. మొదటి మోడల్‌కి రాయాల్సిన కోడ్ ఒక పేజీకి మించదు. మామూలు ల్యాప్‌టాప్ చాలు, మూడు బటన్ల మౌస్ మాత్రం తప్పకుండా పెట్టుకోండి.

అయితే మధ్యలో వదిలేసినవాళ్ళని నేను చాలామందిని చూశాను. వాళ్ళని ఆపింది సాఫ్ట్‌వేర్ కాదు. ఏ ప్రశ్నకి జవాబుగా మోడల్ చేస్తున్నారో తేల్చుకోకుండా మొదలుపెట్టారు. అందుకే మిగతా జవాబంతా అక్కడి నుంచి మొదలుపెడతాను.

మొదటి మోడల్ అనగానే ఎక్కువమంది గుండెనో, మొత్తం సౌరకుటుంబాన్నో, జంతుకణాన్నో ఎంచుకుంటారు. మూడూ అందమైనవే, మూడూ మొదటిసారికి మోయలేనంత పెద్దవే. "గుండె" అనుకుని కూర్చుంటే ఎక్కడ ఆపాలో తెలియదు. కవాటాలు పెట్టాలి, కరోనరీ ధమనులు పెట్టాలి, కొట్టుకునేలా చేయాలి, ఆపైన రక్తం ప్రవహించాలి. దాని బదులు "కుడి జఠరిక గోడ కంటే ఎడమ జఠరిక గోడ ఎందుకంత మందం?" అని అనుకోండి. హద్దు దానంతటదే పడుతుంది. అడ్డంగా కోసిన ఒక ముక్క, అందులోంచి బయల్దేరే రెండు దారులు, ఒకటి పక్కనే ఉన్న ఊపిరితిత్తులకి, ఇంకొకటి ఒళ్ళంతటికీ. అంతే. కరోనరీ ధమనుల జోలికి వెళ్ళనక్కర్లేదు.

ఆ ప్రశ్నకి నిజంగా త్రీడీ అవసరమా అన్నది కూడా చూసుకోండి. బోర్డు మీద బొమ్మ గీసి రెండు నిమిషాల్లో చెప్పగలిగితే బొమ్మే మేలు. ఒక రసాయన సమీకరణాన్ని గాలిలో తేలే అక్షరాలతో చూపించినంత మాత్రాన పిల్లలకి కొత్తగా ఏమీ అర్థం కాదు. లోతు, వాలు, ఒకదాని వెనక ఇంకొకటి దాక్కోవడం, ఏ వైపు నుంచి చూస్తున్నామన్న తేడా, వీటిలో ఏదో ఒకటి జవాబులో భాగమైనప్పుడే మోడల్‌కి పెట్టిన శ్రమ దక్కుతుంది.

మీకు నేను సూచించే మొదటి మోడల్ ఇది: ప్రతి అమావాస్యకీ సూర్యగ్రహణం, ప్రతి పున్నమికీ చంద్రగ్రహణం ఎందుకు రావు?

పుస్తకంలో సూర్యుడు, భూమి, చంద్రుడు ఒకే కాగితం మీద ఒకే గీతలో ఉంటాయి. ఆ బొమ్మ చూసిన పిల్లలకి నెలకి రెండు గ్రహణాలు రావాలి కదా అనిపిస్తుంది. బొమ్మ ప్రకారం వాళ్ళు అనుకున్నది సరైనదే. అసలు జవాబు ఆ కాగితానికి పైనా కిందా ఉంది: చంద్రుడి కక్ష్య భూకక్ష్య తలంతో సుమారు 5 డిగ్రీల వాలులో ఉంటుంది. ఇంతకంటే త్రీడీని కోరే ప్రశ్న దొరకడం కష్టం. తయారు చేయాల్సిన ఆకారాలా, మూడు గోళాలు, చంద్రకక్ష్యకి ఒక రింగు, భూకక్ష్య తలానికి ఒక పలుచని పళ్ళెం, నీడ కోసం రెండు శంకువులు. ఇవన్నీ బ్లెండర్‌లో రెడీమేడ్‌గా దొరికేవే. శిల్పంలా చెక్కాల్సింది ఏమీ లేదు కాబట్టి మీ దృష్టంతా పాఠం మీద పెట్టవచ్చు.

కంప్యూటర్ తెరవకముందే ఒక లెక్క చూసుకోవాలి. నా దృష్టిలో ఈ పనంతటికీ ప్రాణం ఈ లెక్కే.

భూమి వ్యాసం 12,742 కిలోమీటర్లు, చంద్రుడిది 3,474. మధ్య దూరం సగటున 3,84,400 కిలోమీటర్లు, అంటే దాదాపు 30 భూమి వ్యాసాలంత. ఉన్నది ఉన్నట్టు పెడితే ఫోన్ తెర మీద భూమి ఒక చుక్క, చంద్రుడు కనిపించీ కనిపించని ఇంకో చుక్క. అందుకే దాదాపు అందరూ చంద్రుణ్ణి దగ్గరికి లాగి, భూమికి ఏ ఐదు వ్యాసాల దూరంలోనో పెడతారు. చూడటానికి బాగుంటుంది. ఇప్పుడు ఆ 5 డిగ్రీల వాలు వల్ల చంద్రుడు ఎంత ఎత్తుకి వెళ్ళగలడో చూడండి. దూరాన్ని సైన్ 5తో, అంటే 0.087తో గుణిస్తే చాలు. నిజమైన దూరంలో 30 × 0.087, అంటే 2.6 భూమి వ్యాసాలు. భూమి వెనక ఉండే చిక్కటి నీడ భూమి కంటే వెడల్పు కాదు, దూరం వెళ్ళేకొద్దీ సన్నబడుతుంది కూడా. కాబట్టి చంద్రుడు దానికి అందకుండా పైనుంచి దాటిపోతాడు. గ్రహణం రాదు. దగ్గరికి లాగిన మోడల్‌లోనో? 5 × 0.087, అంటే 0.44 మాత్రమే. భూమి వ్యాసార్ధమే 0.5. ఆ దూరంలో నీడ ఇంకా పెద్దగా సన్నబడదు కాబట్టి, చంద్రుడు ఎంత పైకి వెళ్ళినా సగానికి పైగా నీడలోనే ఉంటాడు. మీ మోడల్ ప్రకారం ప్రతి పున్నమికీ గ్రహణం రావాల్సిందే!

చూశారా, తెర మీద అందంగా కనిపించడానికి చేసిన చిన్న సర్దుబాటు, మనం చెప్పదలచుకున్న జవాబునే తలకిందులు చేసేసింది. ఇది మోడల్ చూసేవాళ్ళకి తెలియదు. ఏదో తేడాగా ఉందని మాత్రం చురుకైన విద్యార్థి పసిగడతాడు, మనమేమో "వాలు వల్ల" అని నోటితో చెప్పి ముందుకెళ్తాం.

సర్దుబాట్లు చేయకూడదని కాదు, చేయక తప్పదు. చేసేటప్పుడు జవాబుకి మూలమైన నిష్పత్తిని కాపాడుకోవాలి. ఇక్కడ కాపాడుకోవాల్సింది ఆ 2.6. దూరాన్ని మూడో వంతుకి తగ్గించి 10 వ్యాసాలు చేయండి, వాలుని మూడు రెట్లు చేసి 15 డిగ్రీలు పెట్టండి. 10 × 0.26, మళ్ళీ 2.6 వచ్చింది. భూమి, చంద్రుడు చక్కగా కనిపిస్తాయి, చంద్రుడు నీడని తప్పించుకునే తీరు నిజానికి దగ్గరగా ఉంటుంది. తెర కింద ఒక వాక్యం రాసిపెట్టండి: "దూరం తగ్గించాం, వాలు పెంచాం." వీలైతే నిజమైన కొలతలు చూపించే బటన్ ఒకటి ఇవ్వండి. దాన్ని నొక్కి, భూమి చుక్కైపోవడం చూసిన పిల్లలకి అంతరిక్షం ఎంత ఖాళీగా ఉంటుందో కూడా తెలుస్తుంది. సూర్యుడి వ్యాసం భూమికి 109 రెట్లు కాబట్టి కొలత ప్రకారం పెట్టే ప్రయత్నమే వద్దు. చిన్న పసుపు గోళం పెట్టి, అది దిక్కు చెప్పే గుర్తు మాత్రమేనని రాయండి.

ఇక బ్లెండర్. 2002లో వాడుకరులంతా కలిసి లక్ష యూరోలు పోగుచేసి దాన్ని ఓపెన్ సోర్స్ చేయించారు. అప్పటినుంచి ఉచితం. పాఠాల కోసం తయారు చేసేది ఏళ్ళ తరబడి నిలవాలి కాబట్టి ఈ విషయానికి నేను చాలా విలువ ఇస్తాను. తెరవగానే వందల బటన్లు చూసి కంగారు పడొద్దు. మీకు కావలసినవి కొన్నే: షిఫ్ట్-ఏ తో ఆకారం తెచ్చుకోవడం, జీ, ఆర్, ఎస్ మీటలతో జరపడం, తిప్పడం, సైజు మార్చడం, ఒకదానికి ఇంకోదాన్ని పేరెంట్ చేయడం (అది కదిలితే ఇదీ కదిలేలా కట్టడం), కీఫ్రేమ్ పెట్టడం (ఏ క్షణానికి ఏది ఎక్కడ ఉండాలో నమోదు చేయడం), రంగు వేయడం, ఎక్స్‌పోర్ట్. స్కల్ప్టింగ్, సిమ్యులేషన్, కాంపోజిటింగ్ పాఠాలు ఎంత ఊరించినా ప్రస్తుతానికి పక్కన పెట్టండి. యూట్యూబ్ ట్యుటోరియళ్ళలో ఎక్కువ భాగం అందమైన స్టిల్ బొమ్మ తీయడం కోసం చేసినవి. అందులో నేర్పే మెటీరియల్ కిటుకులు చాలావరకు బ్రౌజర్‌లోకి రావు. పాత ల్యాప్‌టాప్‌లో కొత్త వెర్షన్ తెరుచుకోకపోతే గ్రాఫిక్స్ డ్రైవర్ అప్‌డేట్ చేసి చూడండి, అప్పటికీ కుదరకపోతే పాత వెర్షన్ దించుకోండి. 2.80 నుంచి జీఎల్‌బీ ఎక్స్‌పోర్ట్ బ్లెండర్‌తో పాటే వస్తోంది.

బ్లెండర్ కూడా భారం అనిపిస్తే బ్రౌజర్‌లోనే నడిచే టింకర్‌క్యాడ్‌తో చేయి తిప్పుకోవచ్చు, కానీ కదలికలు వచ్చేసరికి మళ్ళీ ఇటే రావాలి. మీ పాఠం గణితమైతే, అంటే ఘనాకారాల కోతలు, తలాలు, సదిశలు లాంటివైతే, ఇదంతా వదిలేసి జియోజెబ్రా త్రీడీ తెరవండి. ఆ పని అంతకంటే బాగా ఇంకేదీ చేయదు.

ఇప్పుడు తయారీలో అందరూ తట్టుకుని పడే ఒక రాయి గురించి కాస్త వివరంగా చెప్పాలి. భూమి సూర్యుడి చుట్టూ తిరగాలి. సులువైన దారి ఏమిటంటే, సూర్యుడి దగ్గర ఒక ఎంప్టీ (ఆకారం లేని, కంటికి కనిపించని ఆధార బిందువు) పెట్టి, భూమిని దానికి పేరెంట్ చేసి, ఎంప్టీని 360 డిగ్రీలు తిప్పడం. భూమి చక్కగా ప్రదక్షిణ చేస్తుంది. కానీ భూమితో పాటు దానికి కట్టిన చంద్రకక్ష్య రింగు కూడా అదే ఊపులో తిరిగిపోతుంది. ఏడాది పొడవునా ఆ వాలు సూర్యుడికి ఒకే తీరులో కనిపిస్తుంది. అప్పుడు ప్రతి నెలా గ్రహణం వస్తుంది, లేదంటే ఎప్పటికీ రాదు. ప్రకృతిలో అలా జరగదు. భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతున్నా, రింగు వాలిన దిక్కు అంతరిక్షంలో దాదాపు అలాగే నిలిచి ఉంటుంది (సుమారు 18.6 ఏళ్ళకి ఒక చుట్టు తిరుగుతుంది, మీ మోడల్‌కి ఆ వివరం అక్కర్లేదు). అందుకే రెండు తలాలు కలుసుకునే గీత ఏడాదికి రెండుసార్లు, దాదాపు ఆర్నెల్ల ఎడంతో, సూర్యుడివైపు గురి చూస్తుంది. గ్రహణాలు వచ్చేది ఆ రోజుల్లోనే. మీ మోడల్ చూపించాల్సింది సరిగ్గా ఇదే.

దీనికి మందు సులువు. భూమి దగ్గర ఇంకో ఎంప్టీ పెట్టి, దాన్ని సూర్యుడి దగ్గరున్న పెద్ద ఎంప్టీకి కట్టి, పెద్ద ఎంప్టీ ఎంత తిరుగుతుందో దీన్ని అంతే వేగంతో వెనక్కి తిప్పండి. భూమి, రింగు, చంద్రుడు ఈ రెండో ఎంప్టీకి కట్టి ఉండాలి. అప్పుడు చోటు మారుతుంది, దిక్కు మారదు. రేపు మీరు రుతువుల మోడల్ చేసినా ఇదే సమస్య వస్తుంది. మామూలుగా పేరెంట్ చేస్తే భూమి అక్షం కూడా పెద్ద ఎంప్టీతో పాటు తిరిగి, ఏడాదంతా ఒకే రుతువు అయిపోతుంది.

చంద్రుడి వేగంలోనూ ఇలాంటి మెలికే ఉంది. అమావాస్య నుంచి అమావాస్యకి 29.5 రోజులు కదా అని ఆ సంఖ్య పెట్టేస్తారు. రింగు దిక్కుని స్థిరంగా ఉంచాం కాబట్టి, నక్షత్రాల లెక్కన చంద్రుడు ఒక చుట్టు తిరిగే 27.3 రోజులే పెట్టాలి, అంటే ఏడాదికి సుమారు 13.4 చుట్లు. ఆ నెలలో భూమి కూడా ముందుకి జరుగుతుంది, చంద్రుడు ఆ కాస్త దూరం అదనంగా తిరగాలి, 29.5 దానంతటదే వచ్చి కూర్చుంటుంది. అది వచ్చిందంటే మీ మోడల్ లోపలి అమరిక సరిగ్గా ఉన్నట్టే. నేను ఏ మోడల్‌నైనా ఇలాగే పరీక్షిస్తాను: మనం పెట్టని సంఖ్య ఏదైనా దానంతటది సరిగ్గా వస్తోందా అని.

కదలికల్లో ఇంకో రెండు జాగ్రత్తలు. బ్లెండర్ కీఫ్రేముల మధ్య కదలికని మెల్లగా మొదలుపెట్టి మెల్లగా ఆపుతుంది. గ్రహాలు అలా ఆగి ఆగి తిరగవు, కాబట్టి ఇంటర్‌పొలేషన్‌ని లీనియర్ చేయండి. ఎక్స్‌పోర్ట్ చేసేటప్పుడు యానిమేషన్ సాంప్లింగ్ ఆన్‌లో ఉందో లేదో చూడండి. ఫైల్‌లో 0 డిగ్రీలు, 360 డిగ్రీలు రెండూ ఒకే దిశగా నమోదవుతాయి. మధ్యలో నమూనాలు లేకపోతే అసలు కదలికే ఉండదు.

నీడ గురించి. నిజమైన లైటు పెట్టి, నీడ దానంతటదే పడుతుందని ఎదురుచూడొద్దు. అది వ్యూయర్‌ని బట్టి, ఫోన్‌ని బట్టి మారిపోతుంది. భూమి వెనక సగం పారదర్శకంగా ఉండే ముదురు శంకువు ఒకటి, చంద్రుడి వెనక చిన్నది ఒకటి పెట్టండి. రెండూ ఎప్పుడూ సూర్యుడికి ఎదురు దిక్కుకే తిరిగి ఉండాలి. కాబట్టి భూమి శంకువుని రెండో ఎంప్టీకి కాకుండా పెద్ద ఎంప్టీకే కట్టాలి. చంద్రుడి శంకువుకైతే ఇప్పుడు మందుగా చెప్పిన కిటుకే ఇంకోసారి వాడాలి. నిజమైన నీడ కంటికి కనిపించదు, ఏదైనా దానిలోకి వచ్చినప్పుడే తెలుస్తుంది. శంకువు రూపంలో పెడితే చంద్రుడు దాన్ని ఎంతలో తప్పించుకున్నాడో ఎదురుగా కనిపిస్తుంది. పాఠానికి ఇదే మేలు.

ప్రతి భాగానికీ పేరు పెట్టండి. "స్పియర్.003" అని వదిలేస్తే నెల తర్వాత మీకే తెలియదు, కోడ్‌తో ఆ భాగాన్ని పట్టుకోవడం ఇంకా కష్టం. ఎక్స్‌పోర్ట్‌కి ముందు కంట్రోల్-ఏ తో స్కేల్ అప్లై చేయండి. ఏదైనా ఉపరితలం బ్రౌజర్‌లో మాయమైతే దాని నార్మల్స్ (ఉపరితలం ఏ వైపు చూస్తోందో చెప్పే దిక్కులు) లోపలికి తిరిగి ఉండొచ్చు. ఫేస్ ఓరియెంటేషన్ ఆన్ చేస్తే అవి ఎర్రగా కనిపిస్తాయి, తిప్పేయడమే. రంగుల్ని సాదాగా ఉంచండి. నాయిస్ లాంటి లెక్కలతో పుట్టించిన అల్లికలు జీఎల్‌బీలోకి రావు, వాటిని ముందు బొమ్మగా బేక్ చేసుకోవాలి. ఎరుపు, ఆకుపచ్చ తేడా తెలియని విద్యార్థులు ఉంటారు. ముఖ్యమైన తేడా ఏదైనా ఆ రెండు రంగుల మీదే ఆధారపడకుండా చూడండి.

భూమి బొమ్మ కోసం పెద్ద టెక్స్చర్ (ఆకారం మీద అతికించే బొమ్మ) దించుకోవాలని ఎవరికైనా అనిపిస్తుంది. 4096 × 4096 పిక్సెళ్ళ బొమ్మ జేపెగ్‌గా రెండు మూడు ఎంబీలే ఉండొచ్చు. కానీ తెర మీద చూపించడానికి ఫోన్ దాన్ని విప్పినప్పుడు ఒక్కో పిక్సెల్‌కి 4 బైట్ల చొప్పున 64 ఎంబీ మెమరీ పడుతుంది. అలాంటివి మూడు నాలుగు పెడితే చవక ఫోన్లలో బ్రౌజర్ మూసుకుపోతుంది. 1024 చాలు. మొత్తం ఫైల్ 5 ఎంబీ లోపు, మోడల్ ఉపరితలాన్ని కట్టే త్రిభుజాలు లక్ష లోపు ఉంచుకోవడం నేను పాటించే హద్దు. ఈ గ్రహణం మోడల్ ఒక ఎంబీ కూడా దాటదు.

జీఎల్‌బీయే ఎందుకంటే, క్రోనోస్ గ్రూప్ తయారు చేసిన జీఎల్‌టీఎఫ్ అనే బహిరంగ ప్రమాణానికి ఒకే ఫైల్‌లో ఇమిడే రూపం అది. ఆకారం, రంగు, కదలిక అన్నీ అందులోనే ఉంటాయి, బ్రౌజర్ నుంచి గేమ్ ఇంజన్ దాకా అన్నీ చదువుతాయి. మోడళ్ళు ఉంచుకునే సైట్లు వస్తాయి, పోతాయి. గూగుల్ నడిపిన పాలీ అనే త్రీడీ లైబ్రరీ 2021లో మూతపడింది. అసలు బ్లెండర్ ఫైల్, జీఎల్‌బీ ఫైల్ రెండూ మీ దగ్గర భద్రంగా ఉంటే ఏ సైట్ పోయినా మీ పని పోదు.

ఇక మోడల్-వ్యూయర్ సంగతి. ఇది ఒక హెచ్‌టీఎంఎల్ ట్యాగ్ లాంటిది. పేజీలో పెట్టి మీ ఫైల్ పేరు ఇస్తే, వేలితో తిప్పడం, దగ్గరికి జరుపుకోవడం అన్నీ అదే చూసుకుంటుంది. దాని సైట్‌లో ఒక ఎడిటర్ ఉంది. మోడల్‌ని అందులో వేసి కావలసిన చోట నొక్కితే హాట్‌స్పాట్ (నొక్కితే వివరం చూపే గుర్తు) కోడ్ అదే రాసిస్తుంది. పేజీని మీ కంప్యూటర్‌లో డబుల్ క్లిక్ చేసి తెరిస్తే మాత్రం మోడల్ కనిపించదు, ఖాళీ తెర వస్తుంది. చాలామంది ఇక్కడే టెన్షన్ పడి ఫైల్ పాడైందనుకుంటారు. భద్రత కోసం బ్రౌజర్ అలా తెరిచిన పేజీని పక్క ఫైళ్ళు చదవనివ్వదు, అంతే. వీఎస్ కోడ్ అనే ఉచిత కోడ్ ఎడిటర్‌లో లైవ్ సర్వర్ ఎక్స్‌టెన్షన్ వేసుకుని తెరవండి, కనిపిస్తుంది.

పేర్లు, వివరాలు తెలుగులో పెట్టాలంటే వాటిని మోడల్ లోపల రాయకుండా పేజీలో హాట్‌స్పాట్ రాతగా పెట్టండి. త్రీడీ సాఫ్ట్‌వేర్లలో మన ఒత్తులు, గుణింతాలు విడిపోయి కనిపించడం మామూలే. బ్రౌజర్ సరిగ్గా చూపిస్తుంది, పైగా తప్పు దిద్దాలంటే మోడల్‌ని మళ్ళీ ఎక్స్‌పోర్ట్ చేయనక్కర్లేదు.

ఇప్పుడు అసలు విషయం, ఇంటరాక్షన్. తిప్పి చూడటాన్నే ఇంటరాక్షన్ అనుకుంటే విద్యార్థి అర నిమిషం గిరగిరా తిప్పి పక్కన పెట్టేస్తాడు. పైగా స్వేచ్ఛగా తిప్పడం అందరికీ ఒకేలా సులువు కాదు. 1971లో రోజర్ షెపర్డ్, జాక్వెలిన్ మెట్జ్‌లర్ చేసిన పరిశోధనలో, తిప్పి ఉన్న రెండు ఆకారాలు ఒకటేనా అని తేల్చుకోవడానికి పట్టే సమయం, వాటి మధ్య కోణం పెరిగే కొద్దీ అదే వరసలో పెరుగుతూ పోయింది. అంటే మనసులో ఆకారాన్ని తిప్పుకోవడం కష్టపడి చేసే పనే. విద్యార్థిని ఏ కోణంలోనైనా వదిలేస్తే, పాఠానికి పెట్టాల్సిన శ్రద్ధ "ఇప్పుడు నేను ఎటునుంచి చూస్తున్నాను" అన్నదానికే ఖర్చైపోతుంది.

అందుకని మంచి కోణాలు మీరే ఎంచి బటన్లుగా ఇవ్వండి. ఈ మోడల్‌కి రెండు చాలు: పైనుంచి, పక్కనుంచి. పైనుంచి చూస్తే అమావాస్యనాడు సూర్యుడు, చంద్రుడు, భూమి ఒకే గీతలో ఉంటాయి, అచ్చం పుస్తకంలో బొమ్మలాగే. అక్కడ ఆపి అడగండి: "నీడ భూమి మీద పడుతుందా?" జవాబు నొక్కేదాకా రెండో బటన్ పనిచేయకూడదు. "పడుతుంది" అని నొక్కి, పక్కనుంచి చూసే బటన్ నొక్కగానే, చంద్రుడు భూమికి ఎంతో ఎత్తులో, నీడ శంకువు ఖాళీలోకి పోతూ కనిపిస్తుంది. తాను ఇచ్చిన జవాబు ఎందుకు తప్పిందో కళ్ళెదుట చూసిన క్షణంలోనే ఆ విద్యార్థికి వాలు సంగతి అర్థమవుతుంది. ముందు ఊహించమని అడగకుండా చూపించేస్తే ఆ ఆశ్చర్యం ఉండదు, "ఓహో" అని వెళ్ళిపోతారు.

తర్వాత ఒక స్లైడర్. మోడల్-వ్యూయర్‌లో యానిమేషన్ ఆపి ఉంచి, కరెంట్‌టైమ్ అనే విలువని మారుస్తూ పోవచ్చు. పేజీలో ఒక స్లైడర్ పెట్టి దాని విలువని దీనికి కలపడం రెండు మూడు లైన్ల పని. విద్యార్థి ఏడాదిని తన వేలితో జరుపుతూ, ఏ అమావాస్యకి నీడ భూమిని తాకుతుందో వెతకాలి. "గ్రహణం వచ్చే నెలలు కనిపెట్టు" అని చెప్పండి, ఇంకేమీ చెప్పొద్దు. రెండు చోట్ల దొరుకుతుంది, మధ్యలో దాదాపు ఆర్నెల్ల ఎడం. ఎందుకని వాళ్ళే అడుగుతారు.

ఇంత మాత్రం కోడ్ రాయడానికి జావాస్క్రిప్ట్ మొత్తం నేర్చుకోనక్కర్లేదు. బటన్ నొక్కితే ఒక విలువ మార్చడం, స్లైడర్ కదిలితే ఒక విలువ మార్చడం, ఈ రెండూ అర్థమైతే చాలు. ఏఐ సహాయకులతో రాయించుకున్నా ఫర్వాలేదు. కొలతలు, కోణాలు, రోజుల లెక్కలు మాత్రం మీరే సరిచూసుకోండి.

పూర్తయ్యాక ఒక్క విద్యార్థికి ఫోన్ ఇచ్చి పక్కన కూర్చోండి. ఏమీ చెప్పొద్దు. ఇది చెప్పినంత సులువు కాదు, "అక్కడ నొక్కు" అని నోటిదాకా వస్తుంది. మొదట ఎక్కడ వేలు పెట్టారు, ఏ బటన్ కనిపించలేదు, ఎక్కడ ఆగిపోయారు, రాసుకోండి. అయిపోయాక ఫోన్ తీసేసుకుని, ఖాళీ కాగితం ఇచ్చి, గ్రహణం రాని అమావాస్యని బొమ్మ గీయమనండి. చంద్రుణ్ణి గీతకి పైనో కిందో పెట్టారంటే మోడల్ పనిచేసింది. బాగుందా అని అడిగితే ఎవరైనా బాగుందనే అంటారు, దాంతో మీకు ఏమీ తెలియదు.

అన్నీ సొంతంగానే చేయాలా అంటే, వద్దు. స్మిత్సోనియన్ సంస్థ 2020 నుంచి చాలా త్రీడీ స్కాన్లని ఎలాంటి షరతులూ లేకుండా ఇస్తోంది. నాసా దగ్గర అంతరిక్ష నౌకల మోడళ్ళున్నాయి. ప్రొటీన్ల నిర్మాణాలకి 1971 నుంచి నడుస్తున్న ప్రొటీన్ డేటా బ్యాంక్ ఉంది. శరీర భాగాలకి జపాన్‌లో తయారైన బాడీపార్ట్స్‌త్రీడీ ఉంది, వాడుకుంటే దాని పేరు చెప్పాలి. ఎక్కడ తీసుకున్నా లైసెన్స్ చదవండి. మార్పులు చేయకూడదన్న షరతు ఉంటే భాగాలు విడదీయడం కూడా కుదరదు. స్కాన్ చేసిన మోడల్ ఎంత అందంగా ఉన్నా అది పైతొడుగు మాత్రమే, లోపల ఏమీ ఉండదు. పుర్రె స్కాన్ దించుకుని దవడ కదిలించాలంటే దవడని మీరే కోసి వేరు చేయాలి.

త్రీ.జేఎస్ (బ్రౌజర్‌లో త్రీడీ కోసం జావాస్క్రిప్ట్ లైబ్రరీ), యూనిటీ, గోడో (గేమ్ ఇంజన్లు) ఎప్పుడు నేర్చుకోవాలని కూడా అనుమానం రావచ్చు. విద్యార్థి భాగాల్ని లాగి అమర్చాలన్నా, తాను ఇచ్చిన సంఖ్యని బట్టి కదలిక మారాలన్నా మోడల్-వ్యూయర్ చాలదు. అప్పుడు బ్రౌజర్‌లోనే ఉండాలంటే త్రీ.జేఎస్, పెద్ద ప్రయోగశాల లాంటిది కట్టాలంటే గోడో లేదా యూనిటీ. ఆ అవసరం మీ చేతిలో ఉన్న మోడల్‌లోంచే పుట్టాలి. ఏఆర్ (ఫోన్ కెమెరాలో కనిపించే గదిలోనే మోడల్‌ని చూపించడం) కావాలంటే మోడల్-వ్యూయర్‌లోనే ఆ బటన్ ఉంది. జీఎల్‌బీ కొలతలు మీటర్లలో ఉంటాయని గుర్తుంచుకోండి, లేకపోతే గదిలో చంద్రుడు గోడ అవతల తేలతాడు.

గ్రహణం మోడల్ అయ్యాక రెండోదిగా మీథేన్ అణువు చేయండి. కోణాలు కొలిచే పని లేకుండా ఒక దారి ఉంది: ఒక ఘనం ఊహించుకుని, మధ్యలో కార్బన్ పెట్టి, ఒక మూల వదిలి ఒక మూలలో హైడ్రోజన్లు పెట్టండి. నిరూపకాలు (1, 1, 1), (1, -1, -1), (-1, 1, -1), (-1, -1, 1). ఏ రెండు బంధాల మధ్య కొలిచినా 109.5 డిగ్రీలే వస్తుంది. ప్రశ్న: "కాగితం మీద నాలుగు బంధాలూ 90 డిగ్రీల్లో ఉన్నాయి కదా, హైడ్రోజన్లు అలాగే ఎందుకు ఉండవు?" ఆ ఘనాన్ని కూడా పలుచటి గీతలతో మోడల్‌లో ఉంచి, దాన్ని చూపించడానికీ దాచడానికీ ఒక బటన్ పెట్టండి.